చెప్పకుండా చూసిన ఫోటో

నన్నడుగుతావేంటి నాయనా? నీ పెళ్ళాం నీతో మాట్లాడ్డం మానేస్తే నేనేం చేసేది? నేను ఫోటోలు చూపించాను, అంతే, ఒక్క మాటా అనలేదు. వాటిలో ఎవరి ముఖం ఎటు తిరిగి ఉందో దానికి నేనా పూచీ?

కూర్చో ముందు. ఆ కుర్చీలో వద్దు, దానికి ఓ చక్రం ఊడింది, కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే గోడ దాకా జారిపోతారు. ఈ స్టూలు లాక్కో. నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు. పెళ్ళికొడుకుని సార్ అనడం, పెళ్ళికూతుర్ని మేడమ్ అనడం మా ఆయన పని. ఆయన ఫోటోలు తీస్తాడు, మర్యాదలు కూడా ఆయనే చేస్తాడు. నేను ఈ వెనక గదిలో కూర్చుని వాటిని ఏరతాను. బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు రాయిగారూ అని పిలుస్తామా?

గొంతు తగ్గించు. ముందు గదిలో పాస్‌పోర్టు ఫోటోకని ఎవరో కుర్రాడు కూర్చున్నాడు. పెళ్ళయిన కొత్తలో ఇలా ఉంటుందా అని దడుచుకుంటాడు.

నీ పెళ్ళి నువ్వు ఒక పూటలో చేసుకుని వెళ్ళిపోయావు. నాకు ఇంకా అవలేదు. మా ఆయన చేతికి కెమెరా వస్తే ఆ వేలు ఆగదు. ఎవరు తుమ్మినా నొక్కుతాడు, ఎవరు ఆవులించినా నొక్కుతాడు. ఆ గుట్టంతా తెచ్చి నా ముందు పోసి, చేతులు దులుపుకుని ఇంకో పెళ్ళికి పోతాడు. కళ్ళు మూసినవి నేను తియ్యాలి. నోట్లో ముద్ద ఉన్నవి తియ్యాలి. మసకవి తియ్యాలి. ముఖం పక్కకి తిరిగినవి తియ్యాలి.

ఈ చివరిది మీ మామగారి పుణ్యం. మాట్లాడుకున్న రోజే ఆ ముందు గదిలో కూర్చుని చెప్పేశాడు కదా, ఆ క్యాండిడ్లు గీండిడ్లు మాకొద్దమ్మా, అందరి ముఖాలూ నిండుగా పడాలి, చెవులు రెండూ కనపడాలి అని. నిజం చెప్పొద్దూ, నాకు ఆయన మాట నచ్చింది. ఈ క్యాండిడ్ అనేవాళ్ళ సంగతి నీకు తెలీదు. మాకు తెలీకుండా తీసే క్యాండిడ్ కావాలంటారు, మళ్ళీ ఎలా నిలబడితే క్యాండిడ్‌గా ఉంటుంది అని మా ఆయన్నే అడుగుతారు.

ఏంటీ, ఆల్బమ్ ఆలస్యమైందనా? ఎవరివల్లయింది? మీ వాళ్ళు ఒక్కొక్కరుగా వచ్చి వెళ్ళారు, ఒకరు వచ్చినట్టు ఇంకొకరికి తెలీకుండా. మొదట మీ అమ్మ వచ్చింది. కోడలు నీకంటే పొడుగ్గా పడినవన్నీ తీసెయ్యమంది. కెమెరా సరిగ్గా పెట్టలేదా అమ్మా, ఈ పిల్ల ఇంత పొడుగ్గా పడిందేంటి అంది. పొడుగ్గా పడలేదండీ, పొడుగే అన్నాను. ఆ మాటకి కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

తర్వాత మీ అత్తగారు. ఆవిడకి ఆ కొత్త నెక్లెస్ కనపడాలి. ముఖం లేకపోయినా పర్లేదుట, మెడ ఉంటే చాలుట. చదువుకునే కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చి, స్క్రీనుకి ముక్కు ఆనించి, ఇది నా మెడేనా, మా తోడికోడలి మెడా అని ఒక పూటంతా నన్ను చంపింది.

ఇక మీ బాబాయి. ఆయనకి మేం స్టూడియోలో తొంగిచూపు బాబాయి అని పేరు పెట్టాం. కోపం తెచ్చుకోకు, పేర్లు పెట్టకపోతే ఈ పని చెయ్యలేం. ఎవరి భుజం చూసినా ఆ భుజం మీద ఆయన తల మొలిచి ఉంటుంది. ఏ గ్రూపులో పిలిచినా పిలవకపోయినా వచ్చి దూరాడు. అంతా చేసి, నేను లేని పేజీ ఏదన్నా ఉందా అమ్మా అని అడగడానికి వచ్చాడు. మీరు లేని పేజీ దొరకడమే కష్టంగా ఉంది బాబాయిగారూ అంటే, మురిసిపోయి ఆ కుర్చీలో వెనక్కి వాలాడు. గోడకి పడిన ఆ సొట్ట ఆయనదే.

అదిగో, నవ్వావు. నవ్వు ఒంటికి మంచిది. ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కానీ మధ్యలో లేవకూడదు.

నిన్న పొద్దున్న నీ పెళ్ళాం వచ్చింది. ఒక్కతే. కళ్ళజోళ్ళ షాపులో పనికి వెళ్తూ వెళ్తూ వచ్చింది, భుజాన సంచీ ఉంది, కడుపులో ఏదో పెట్టుకుని వచ్చిందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆల్బమ్ సంగతి ఏమీ అడగలేదు. ఆంటీ, నాకు ఒక్క ఫోటో కావాలి అంది. అతను నన్ను చూస్తున్నది.

ఓస్, అంతేనా అన్నాను. బోలెడున్నాయి. తీసి చూపించాను. స్టేజీ మీద, మెట్ల మీద, కారు పక్కన, నువ్వు ఆ పిల్లని చూస్తున్నావు, ఆ పిల్ల సిగ్గుపడుతోంది. ఇవి కాదు ఆంటీ అంది. ఇవి అంకుల్ చెప్తే చూసినవి. సార్ మేడమ్‌ని చూడండి, మేడమ్ కొంచెం సిగ్గుపడండి అన్నారుగా, అప్పటివి. చెప్పకుండా చూసింది కావాలి.

నేను ఆ మాట విని ఊరుకుంటానా? ఎందుకే తల్లీ, ఇప్పుడు ఆ పట్టింపు అన్నాను. అప్పుడు చెప్పింది.

నీకు దూరపు ఊళ్ళో ఉద్యోగం వచ్చిందిటగా. వచ్చే వారం వెళ్ళిపోతున్నావుటగా. ఆవిడకేమో ఆ కళ్ళజోళ్ళ షాపువాళ్ళు కొత్త బ్రాంచి పెట్టి దాన్ని ఆవిడ చేతిలో పెడతామన్నారు. ఒప్పుకుంటే ఇక్కడే ఉండాలి. లేకపోతే అది వదులుకుని నీతో రావాలి. ఏదో ఒకటి ఈ సాయంత్రం షాపు మూసేలోగా ఆ ఓనరుకి చెప్పాలి. ఆ పిల్ల నిన్ను అడిగింది, నేనేం చెయ్యను అని. నువ్వేమన్నావు?

చెప్పు, ఏమన్నావో నీ నోటితో చెప్పు.

నీ ఇష్టం అన్నావు!

ఆహా. ఎంత పెద్దమనిషివి. మీ మగాళ్ళు ఆ మాట అనేసి, ఏదో రాజ్యం రాసిచ్చినట్టు నిద్రపోతారు. ఆడదాని చెవికి అది ఎలా వినపడుతుందో తెలుసా? నువ్వు వచ్చినా సరే, రాకపోయినా సరే, నాకు రెండూ ఒకటే అని వినపడుతుంది. రమ్మని అడిగితే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా? ఆవిడ ఉద్యోగానికి అడ్డు రాకూడదనుకున్నావా? బానే ఉంది, ఆ ముక్క ఆవిడతో చెప్పావా? నాతో చెప్తే ఏం లాభం? నేనేమన్నా నీ వెంట వచ్చేదాన్నా?

సరే. ఆ పిల్ల మనసులో ఏమనుకుందంటే, చెప్పకుండా నన్ను చూసిన ఫోటో ఒక్కటి ఉంటే చాలు, బ్రాంచి వద్దని చెప్పి అతని వెంట వెళ్ళిపోతాను. లేకపోతే ఇక్కడే ఉంటాను. బొమ్మా బొరుసూ వేసినట్టు. కళ్ళు పరీక్ష చేసే పిల్ల, చదువుకున్న పిల్ల, కాపురాన్ని తీసుకొచ్చి ఫోటో మీద పెట్టింది. తిట్టాను. నిజంగా తిట్టాను. తిడుతూనే ఫోల్డరు తెరిచాను. ఏం చెయ్యను, నాకూ చూడాలనిపించింది.

ఇద్దరం కూర్చున్నాం. ఒక్కొక్కటే తిప్పాను. నువ్వు ఎంత బాగా పడ్డావు నాయనా! ప్రతిదాంట్లో ముఖం నిండుగా, వెలుగు నిండుగా, గడ్డం కొంచెం పైకి. సినిమా పోస్టరుకి నిలబడ్డట్టు. పక్కన ఆ పిల్ల చెమటలు తుడుచుకుంటోంది, నువ్వు పైకి చూస్తున్నావు. వాళ్ళ నాన్న ఏడుస్తున్నాడు, నువ్వు పైకి చూస్తున్నావు. ముసలావిడ ఎవరో నీ బుగ్గ గిల్లుతోంది, బుగ్గ ఆవిడ చేతికిచ్చేసి నువ్వు పైకి చూస్తున్నావు.

నాకు తట్టలేదు, కెమెరానే చూస్తున్నావనుకున్నాను. ఆ పిల్ల పట్టేసింది. రోజంతా జనం కళ్ళల్లోకి లైటు వేసి చూసేదాని దగ్గరా నీ దాగుడుమూతలు? ఆంటీ, ఇతను కెమెరాని చూడ్డం లేదు, కెమెరా మీదుగా చూస్తున్నాడు, కళ్ళు పెద్దది చెయ్యండి అంది. చేశాను. నీ కంటి గుడ్డులో చిన్న చదరం ఉంది, నీలంగా.

అదేంటో మాకు వెంటనే తెలీలేదు. ఇద్దరికీ ఒకటే అనుమానం. మీదుగా చూస్తున్నాడంటే ఎవరో ఉన్నారు అక్కడ. ఈ పనిలో అలాంటివి చూడకపోలేదు నేను. చూసి, ఏమీ ఎరగనట్టు ఆల్బమ్ అట్టకి రంగు ఏది వెయ్యమంటారండీ అని అడిగాను.

జనాన్ని తీసినవి ఉంటాయిగా, స్టేజీ మీంచి వెనక్కి తిరిగి మా ఆయన తీసేవి, అవి తెరిచాం. అటువైపు ఎవరున్నారా అని. ఎవరూ లేరు. జనం తలలు, తలల పైన గోడంత స్క్రీను. వీడియో కుర్రాడు తీసేది తీసినట్టు చూపించే పెద్ద స్క్రీను. దాని నిండా నువ్వు. గడ్డం కొంచెం పైకి.

అంటే స్టేజీ మీద కూర్చుని ఆ పూటంతా నిన్ను నువ్వు చూసుకున్నావన్నమాట!

ఆవిడ నవ్వింది. పగలబడి నవ్వింది, నేనూ నవ్వాను, ఆ ముందు గదిలోంచి ఎవరో తొంగిచూశారు కూడా. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇక్కడ పక్కనే మోచెయ్యి తగిలేంత దగ్గర్లో మనిషిని పెట్టుకుని, అక్కడ గోడ మీద నీ బొమ్మని చూసుకున్నావు. నయమే ఆంటీ, ఇంకో అమ్మాయి కాదు అంది, కళ్ళు తుడుచుకుంటూ.

ఏం నయం, అన్నాను. ఇంకో అమ్మాయి అయితే జుట్టు పట్టుకోవచ్చు. ఆయనకి ఆయనే అయితే ఎవరి జుట్టు పట్టుకుంటావ్?

ఏంటలా చూస్తావు? ఆఁ, ఆ ఒక్క మాటా అన్నాను. ఇందాక ఒక్క మాటా అనలేదన్నానా? అయితే అదొక్కటీ అన్నాను. నవ్వులో నవ్వుగా వచ్చేసింది. నోరున్నది అందుకేగా.

ఆ మాటకి ఆవిడ నవ్వడం ఆపేసింది. మిగతావి కూడా తిప్పమంది. అన్నీ తిప్పాను, చివరి దాకా, కారు ఎక్కేదాకా. ఒక్కటి లేదు. నువ్వు చెప్పకుండా ఆ పిల్లని చూసింది ఒక్కటంటే ఒక్కటి లేదు. అంతేలే ఆంటీ అని, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత నీతో మాట్లాడలేదంటే అందులో నా తప్పేముంది?

ఏంటీ? చూశావా? ఎప్పుడు చూశావు?

ఊరుకోవయ్యా. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటున్నావు. అందరూ అదే అంటారు, చూశాను, చాలాసార్లు చూశాను, మెడ నొప్పి పుట్టేలా చూశాను. ఫోటో అబద్ధం చెప్తుందా? ఇన్ని ఫోటోల్లో ఒక్కదాంట్లోనన్నా దొరకాలిగా?

స్క్రీను సంగతి ఒప్పుకుంటావా? ఆఁ, అదన్నా ఒప్పుకున్నావు. కొత్తగా క్షవరం చేయించుకుంటే ఒక పక్క ఎక్కువ కత్తిరించేశాడా? అది కనపడుతోందా లేదా అని చూసుకున్నావా? బాబోయ్, మీ మగాళ్ళ కష్టాలు మాకేం తెలుసు.

చెప్పు, వింటున్నాను. ఎప్పుడు చూశావో ఒక్కటి చెప్పు.

చెప్పా? ఏ చెప్పు?

ఆవిడ చెప్పు పట్టీ తెగితే… కుర్చీ కిందకి జారిపోయిందా. ఎవరికీ తెలీకుండా కాలితో వెతుక్కుందా. పైకి అందరికీ దణ్ణం పెడుతూ, కింద కాలితో. నవ్వొచ్చి నువ్వు అటు తిరిగావా.

ఉండు.

ఉండు, మాట్లాడకు. ఆ పిల్ల ముందుకి వంగి ఉంది కదూ? ముఖం కనపడదు, జుట్టు అడ్డం పడింది. నీ ముఖం సగమే. ఒక చెవే ఉంది. మీ బాబాయి తల కూడా లేదు ఆ ఫ్రేములో. దాంట్లో నువ్వు…

ఆ ఫోటో నేను చూశాను నాయనా.

చూశాను. ఉంది. ఉండేది. ఇక్కడెక్కడ ఉంటుంది, ఈ ఫోల్డర్లో ఎందుకుంటుంది? ఇది ఏరినవాటి ఫోల్డరు. మా ఆయన చెప్పి తీసినవి తప్ప, ముఖం పక్కకి తిరిగితే తీసెయ్యడమేగా నా పని. నువ్వు స్క్రీను చూస్తే ముఖం ఎదురుగా ఉంటుంది, అది మంచి ఫోటో, ఉంచాను. పెళ్ళాన్ని చూస్తే ముఖం పక్కకి తిరుగుతుంది, అది వేస్టు, తీసేశాను. నిన్న ఆ పిల్లా నేనూ వెతికింది దేంట్లో? నేను ఏరి పెట్టినదాంట్లో. నువ్వు ఆ పిల్లని చూసినవన్నీ ముందే ఊడ్చేసి, ఇల్లంతా వెతికాం తల్లీ, ఎక్కడా లేదు అని చెప్పినట్టు.

నన్ను అలా చూడకు. నాకు నిన్న తట్టలేదు. ఒట్టు. ఇప్పుడు నువ్వు ఆ చెప్పు సంగతి ఎత్తేసరికి కళ్ళ ముందుకొచ్చింది.

లేదు, మిగల్లేదు. వేస్టు అంతా ఆ రోజే ఖాళీ చేస్తాను. ఇల్లు ఊడ్చి ఎవరన్నా చెత్త దాచుకుంటారా? కెమెరా మెమరీ కార్డు కడిగేసి ఆయనకిచ్చేశాను. దాని మీద ఆయన మూడు పెళ్ళిళ్ళో నాలుగు పెళ్ళిళ్ళో తీశాడు. ఈ పూట కూడా అదే కార్డు పట్టుకెళ్ళాడు. తిరిగి తెప్పించే సాఫ్ట్‌వేర్లు ఉంటాయా? ఉంటాయి, చేతులు కాలాక పట్టుకోవడానికి ఆకులు ఎప్పుడూ ఉంటాయి. ఒకరి మీద ఒకరిని రాసేశాక ఎవరొస్తారు అందులోంచి?

వీడియోనా? ఆలోచించావు, మెచ్చుకున్నాను. కానీ వీడియో కుర్రాడు అప్పుడు భోజనాల వైపు ఉన్నాడు. స్క్రీను మీద మీ బాబాయి తింటున్నాడు. అందుకేనేమో నువ్వు ఇటు తిరిగింది కూడా! అబ్బే, ఊరికే అన్నాను. కోపం వద్దు. నాకు తెలుసు అందుకు కాదని. ఫోటో చూసినదాన్ని నేను.

ఫోన్ చెయ్యమంటావా? నేనా? ఏమని చెయ్యను? అమ్మాయ్, మీ ఆయన నిన్ను చూశాడు, సాక్ష్యం నేనే తగలబెట్టాను అననా?

గడియారం నాకూ కనపడుతోంది. సాయంత్రం దాకా ఉండక్కర్లేదు, ఓనరు మధ్యాహ్నమే అడిగినా అడుగుతాడు. సరే, చేస్తాను. నువ్వు ఊపిరి గట్టిగా పీల్చకు, ఫోన్లో వినపడుతుంది.

హలో. ఆఁ, నేనేనమ్మా, స్టూడియో నుంచి. షాపులో ఉన్నావా? ఒక్క నిమిషం. నిన్న నువ్వడిగిన ఫోటో… ఉందమ్మా. అంటే ఉండేది. నీ చెప్పు జారినప్పటిది. నువ్వు వంగి వెతుక్కుంటున్నావు, అతను నిన్ను చూస్తున్నాడు. లేదు, మా ఆయన చెప్పలేదు. చెప్పకుండానే. లేదమ్మా, ఇప్పుడు లేదు, తీసేశాను. ఆఁ. ఆఁ… ముఖం సరిగ్గా పడలేదమ్మా, అందుకని. ఆఁ, అంతే. అంతేనమ్మా.

పెట్టేసింది.

ఏమందా? తీసేశాననగానే ఏమందో తెలుసా? అతను మీ పక్కనే ఉన్నాడా ఆంటీ అంది. చెప్పమన్నాడని చెప్తున్నారా అంది. చూశావా, ఇప్పుడు నా మాట కూడా మా ఆయన చెప్తే పెట్టిన పోజు లాంటిదైపోయింది. ఏళ్ళ తరబడి జనం చేత నవ్వించి, సిగ్గుపడమని, ముఖాలు నిండుగా పడేలా చేసి, ఇవాళ ఒక్క నిజం చెప్పబోతే ఎవరు నమ్ముతారు?

తర్వాత ఇంకోటి అడిగింది. గొంతు మారింది అప్పుడు. అలాంటిది ఉంటే ఎందుకు తీసేశారు ఆంటీ అంది.

అడిగేదే మరి. నేనైనా అదే అడుగుతాను. నేను చెప్పింది నువ్వూ విన్నావు. ముఖం సరిగ్గా పడలేదమ్మా. సరే ఆంటీ అంది. ఆ సరే ఎలా ఉందంటే, ఇంక బ్రాంచికి తాళాలు తీసుకోవడమే తరువాయి అన్నట్టుంది.

లే, వెళ్ళు. నువ్వే వెళ్ళి చెప్పుకో. నీ ఇష్టం అన్న నోటితోనే, రా అని చెప్పు.

ఏంటి, కదలవు? నువ్వు కూడా అదే అడుగుతావా? ఎందుకు తీసేశానని?

చెప్పాగా, ముఖం పక్కకి…

కాదు.

అది వచ్చినప్పుడు నా చెయ్యి ఆగింది. వేలు బటను మీదే ఉంది, నొక్కలేదు. మిగతావి చూసినట్టు చూడలేదు దాన్ని. ఆ పిల్ల చెప్పు వెతుక్కుంటుంటే నువ్వు చూస్తున్నావు కదా, ఇదేం మనిషి, ఈవిడతోనా నేను బతకబోయేది, భలే ఉందే అన్నట్టు. గడ్డం పైకి లేదు. ఎక్కువ కత్తిరించిన పక్క కూడా కెమెరా వైపే ఉంది, నీకు గుర్తే లేదు. దాన్ని ఉంచుదామనే అనుకున్నాను. అట్ట మీద వేద్దామని కూడా అనుకున్నాను. మామగారు చెవులు రెండూ అడిగితే ఏదో ఒకటి చెప్పొచ్చు, ఆయన్ని ఒప్పించడం నాకో లెక్కా?

తర్వాత ఒళ్ళు మండింది.

ఎవరి మీదంటే ఏం చెప్పను. మా ఆయన నన్ను చూడాలంటే ఒక కన్ను మూసుకోవాలి, రెండో కంటికి కెమెరా అడ్డం పెట్టుకోవాలి. కొత్త లెన్సు కొన్నప్పుడల్లా నన్ను పిలుస్తాడు, అక్కడ నిలబడు అంటాడు. నిలబడతాను. వంటింట్లోంచి చేతులు తుడుచుకుని, జుట్టు సర్దుకుని మరీ వచ్చి నిలబడతాను, ప్రతిసారీ, సిగ్గు లేకుండా. తీసి, దాంట్లోకి వంగి చూసి, అబ్బ, వెనక గోడ ఎంత బాగా మసకబారిందో చూశావా అంటాడు. గోడ! నేనెలా పడ్డానో ఇంతవరకూ చెప్పలేదు. చెడ్డవాడు కాదు. తాగడు, తిట్టడు. చూడడు, అంతే.

అలాంటిదాని ముందుకి నీ ఫోటో వచ్చింది. ఎవరో నిన్న గాక మొన్న పెళ్ళయిన పిల్ల, చెప్పు పారేసుకుంటే చాలు, చూసేవాడున్నాడు. నీకేం తక్కువే తల్లీ, ఇదొక్కటి పోతే ఏం పోయింది అనుకున్నాను. ముఖం పక్కకి తిరిగింది కదా, రూలు ఉండనే ఉంది కదా. నొక్కేశాను. నొక్కి తర్వాతది చూశాను, దాంట్లో మీ బాబాయి ఉన్నాడు.

ఇదీ సంగతి. ఇది ఆ పిల్లకి చెప్తే నమ్ముతుంది, నాకు తెలుసు. ఇంత సిగ్గుమాలిన మాట ఒకరు చెప్పమంటే ఎవరూ చెప్పరు, ఆ మాత్రం ఆ పిల్లకి తెలుస్తుంది.

ఉండు, వెళ్ళకు. ఫోన్ ఇటివ్వు.

అదిగో బండి చప్పుడు, మా ఆయనే. పెళ్ళి తొందరగా అయిపోయినట్టుంది, కార్డు నిండా ఇంకో గుట్ట తెచ్చుంటాడు. లేదులే, తలుపు వెయ్యక్కర్లేదు. తెరిచే ఉంచు.

ఆ పిల్ల ఫోన్ మోగుతోంది. రానీ ఆయన్ని, వచ్చి అక్కడే నిలబడనీ. చూడ్డం ఎలాగూ చేతకాలేదు, కనీసం వింటాడు.